కొల్లాపూర్‌కు పోయిన చక్కెర

మర్రిగూడ,
జులై నెల, 1998.

చిరంజీవి ఖాసింకు,

అమ్మ దువా. "మేమంతా ఇక్కడ క్షేమం, నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను" అని ఉత్తరం మొదలుపెట్టడం మన ఇంటి పద్ధతి. నీకు పలక మీద అక్షరాలు దిద్దించినదాన్ని నేనే, ఆ మాట రాయడం నేర్పినదాన్నీ నేనే. షోలాపూర్ దిక్కున బోరు బండి మీద తిరుగుతున్నా నువ్వు పద్ధతి మరిచిపోలేదు. "నేను ఇక్కడ క్షేమం" అనే రాశావు. అది చదివి ఉత్తరం మడిచి గూట్లో పెట్టాను. ఒక పరుపుకు సరిపోయేంత దూది ఏకి, రెక్కలు పీకుతుంటే అప్పుడు మిగతాది చదివాను. చేతిలో పని లేకుండా చదివి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

నేను మాత్రం ఆ మాట రాయను. నీ పెళ్లాం హలీమాకు జ్వరం నిన్న మొన్ననే తగ్గింది. నీ బిడ్డ పాలు తాగుతోంది, ఏడుస్తోంది, పడుకుంటోంది. దాని ఒంట్లో నీ జబ్బు ఉందో లేదో ఏడాదిన్నర దాకా ఏ డాక్టరూ చెప్పలేడట. నా సంగతి ఈ ఉత్తరం చదివితే నీకే తెలుస్తుంది. ఇంట్లో క్షేమంగా ఉన్నది కప్పు ఒక్కటే. మొన్నటి వానకు ఒక్క చుక్క కూడా కురవలేదు.

నువ్వు అడిగిన వాటికి జవాబు చెప్తాను. నువ్వు అడిగిన వరసలో కాదు, నా వరసలో.

కొత్త పరుపు కుట్టి పెట్టమన్నావు. కుట్టాను. బూరుగు దూదే నింపాను, ఎర్ర చారల గుడ్డే వేశాను, నువ్వు చెప్పినట్టే ఇద్దరు పడుకునేంత వెడల్పు చేశాను. అది ఇప్పుడు ఎవరి కింద ఉందో తర్వాత చెప్తాను. కొల్లాపూర్ పోయి అబ్దుల్ ఖాదర్ కూతురు నోట్లో చక్కెర పెట్టి మాట ఖాయం చేసుకుని రమ్మన్నావు. పోయాను. ఆ ముచ్చట చివరన చెప్తాను, తొందరపడకు. పెళ్లికొడుకు తల్లి పోయి పిల్ల నోట్లో చక్కెర పెడితే తప్ప మన వాళ్లలో సంబంధం కుదిరినట్టు కాదు కదా. నా చెయ్యి లేకుండా నీ పని కాదు. అందుకే నాలుగు పేజీల ఉత్తరంలో నన్ను పదిసార్లు "అమ్మా" అన్నావు. మామూలుగా అయితే ఒక్కసారి అనేవాడివి.

హలీమాను చిల్లా కాగానే, అంటే నలభై రోజుల నీళ్లు పోయగానే, పుట్టింటికి పంపమన్నావు. ఎక్కడుందిరా దాని పుట్టిల్లు? దాన్ని కన్న బాలింత జ్వరంతోనే దాని తల్లి పోయింది. పెంచింది అమ్రాబాద్ మేనమామ. ఆయనకు కబురు పెడితే వచ్చాడు. దవాఖానలో ఏమన్నారో ఆయన చెవిన ముందే పడింది కాబోలు, వాకిట్లో నిలబడి, నీళ్ల చెంబు ఇస్తే కింద పెట్టి, "మా ఇంట్ల చిన్నపిల్లలున్నరు వదినా" అని అటే బస్సెక్కాడు. నువ్వు పుట్టిల్లు అని రాసిన చోట రోడ్డు అని రాస్తే సరిపోయేది. దాన్ని రోడ్డు మీదికి తోలితే నువ్వు ఆ కొల్లాపూర్ పిల్ల అజీజాను తెచ్చుకుంటావు. నువ్వు అడిగింది ఇదే కదా, సాగదీసి రాసినా?

కాన్పైందని, రక్తంలో జబ్బు తేలిందని నీకు రెండే ముక్కలు రాశాను; బిడ్డ ఆడో మగో నువ్వు అడగలేదు. ఉత్తరం వెనక్కి తిప్పి కూడా చూశాను, అక్కడ ఏమైనా రాశావేమోనని. ఆడపిల్ల. మా అమ్మ పేరు పెట్టాను, మస్తాన్‌బీ. ఇమాం సాబ్ వచ్చి బిడ్డను ఒళ్లో పెట్టుకుని చెవిలో అజాన్ చెప్పాడు. ముందే అంతా చెప్పి పిలిచాను. "చెవికి పోయేది అల్లా మాట, నాకొచ్చేది ఏముంటది తల్లీ" అన్నాడు. ఆయన పోయాక కాసేపు ఏడ్చాను. ఎవరైనా మంచిగా మాట్లాడితేనే ఏడుపు వస్తోంది, మిగతా అప్పుడంతా కోపమే.

ఇక నీ కోపం సంగతి. "ఇంట్లోనే కనేది ఉండె, పెద్ద దవాఖానకు ఎందుకు తీసుకపోయినవ్, అక్కడ రక్తం చూడబట్టే కదా ఈ లొల్లి" అని రాశావు. విను.

మన గోడ పక్క యాదమ్మ నీకు కొత్త కాదు. నిన్ను నా కడుపులోంచి బయటికి తీసినవి ఆమె చేతులే. ఈ బోరు నీళ్లు తాగి తాగి ఆమె నడుము విల్లులా వంగింది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. అయినా కాన్పుకు కూర్చుంటే ఆ చేతులు వణకవు. మృగశిర పెట్టిన రెండో రోజు హలీమాకు నొప్పులు మొదలయ్యాయి. వస్తాయి, ఆగిపోతాయి. కాళ్లు వాచాయి. తెల్లారి యాదమ్మ చేతులు కడుక్కుని నా పక్కన కూర్చుంది.

"ఖాదర్‌బీ, ఇది నాతోని అయ్యే పని గాదు. పిల్ల కండ్లు తేలేస్తున్నది. జీపు మాట్లాడు, పెద్ద దవాఖానకు పోదాం."

ఆమె అట్లా అనేదాకా నేను ఆగి ఉండకూడదు. జీపు మాట్లాడాను, ముగ్గురం పోయాం. ఏ దవాఖానో పేరు రాయను. పేరు రాసి ఏం లాభం, ఆ రోజు ఏ దవాఖానకు పోయినా అదే జరిగేదని యాదమ్మ అంటుంది. ముందు మంచిగానే చూశారు. మంచం ఇచ్చారు, సెలైన్ పెట్టారు, రక్తం తీసుకుపోయారు. నొప్పులు అందుకున్నాయి. మధ్యాహ్నం ఒకామె కాగితం పట్టుకుని వచ్చి ఇంకొకామె చెవిలో ఏదో చెప్పింది. అంతే. అప్పటిదాకా "అమ్మా, జర ఓర్చుకో" అన్న మనుషులు రెండు అడుగులు వెనక్కి వేశారు. సెలైన్ సూది చేతికే ఉంచి, నా కోడలిని ఆ నొప్పుల మీదనే లేపి, వరండాలో చెత్త డబ్బాల పక్కకు తోలారు. "ఈ కేసు ఇక్కడ కాదు, హైదరాబాద్ తీసుకపో" అన్నారు. బిడ్డ తల బయటికి కనబడుతుంటే హైదరాబాద్ ఎట్లా తీసుకుపోతారు, నువ్వు చెప్పు.

నేను వాళ్ల కాళ్ల మీద పడ్డాను. మీ నాయిన పోయిన నాడు కూడా ఎవరి ముందూ వంగని దాన్ని. ఒక నర్సు గుమ్మంలో నిలబడి, దూరం నుంచే, చేతులకు తొడుక్కునే రబ్బరు తొడుగులు ఒక జత విసిరింది. కుక్కకు రొట్టె ముక్క విసిరినట్టు విసిరింది. యాదమ్మ వాటిని తీసి దులిపింది.

"మనం ఇద్దరం, ఇది ఒక్క జత. నువ్వొకటి తొడుక్కో, నేనొకటి."

ఆమె కుడి చేతికి ఒకటి, నా ఎడమ చేతికి ఒకటి. నా కోడలు ఆ వరండాలో, నలుగురు మగవాళ్లు బీడీలు తాగుతూ చూస్తుంటే, నేను నా కొంగు అడ్డం పెడితే, నీ బిడ్డను కన్నది. హలీమా అరవలేదు. "అత్తమ్మా, ఎందుకు బయటేసిండ్రు? నేనేం జేసిన?" అని మాత్రం అడుగుతూనే ఉంది. దానికి జవాబు షోలాపూర్‌లో ఉందని నాకు అప్పటికి తెలియదు.

చినిగిన చోట ఎవరూ కుట్టు వేయలేదు. మరుసటి రోజు ఒక చిన్న వయసు డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చి, చూసి, అక్కడున్న వాళ్లందరినీ తిట్టి, తనే కుట్లు వేసింది. అప్పటికే ఆలస్యమైంది, నాలుగో రోజుకు చలి జ్వరం, వాసన. నలభై రోజుల్లో ముప్పై రోజులు ఆ పిల్ల మంట మీద పెనంలానే ఉంది. ఇంటికి పంపేటప్పుడు ఆయా ఒకామె వచ్చి, హలీమా కింద పరిచిన బొంతను కాల్చి పొమ్మంది. నేను దూదేకులదాన్ని. దగ్గు రోగంతో పోయినవాళ్ల పరుపులు విప్పి, ఎండబెట్టి, మళ్లీ ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చిన ఇల్లు మనది. నా చేత నా బొంత కాల్పించారు. ఆ పొగ ఇంకా నా ముక్కులోనే ఉంది.

ఆ డాక్టరమ్మే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జబ్బు పేరు చెప్పింది. మగవాడి నుంచి ఆడదానికి ఎట్లా వస్తుందో, తల్లి నుంచి బిడ్డకు ఎట్లా రావచ్చో చెప్పింది. నేను నమ్మలేదు. మా ఖాసిం అట్లాంటివాడు కాదన్నాను. కాకి పిల్ల కాకికి ముద్దు. ఆమె నాతో వాదించలేదు. ఒకటే అడిగింది.

"మీ కొడుకుకు పెండ్లికి ముందు అక్కి ఏమన్న లేచిందా?"

ఖాసిం, ఈ జబ్బు లోపలున్నవాళ్లకు పడుచు వయసులోనే అక్కి లేస్తుందట. పెళ్లికి ముందటి ఎండాకాలం నువ్వు ఇంటికి వచ్చినప్పుడు పక్కటెముకల మీద నిప్పు బొబ్బల్లా లేచింది. నేనేం చేశాను? అందరూ చేసేదే. కుమ్మరి లచ్చయ్య ఇంటికి తీసుకుపోయాను. అక్కికి కుమ్మరి చెయ్యి పడాలి కదా. ఆయన జాజు ఎర్రమట్టి నూరి, నీ పక్క మీద సింహం బొమ్మ గీశాడు. "సింహం కావలి కూసుంది, ఇంక నీకేం ఫికర్" అని నేను నవ్వాను. నువ్వు నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నావు. మంట వల్ల అనుకున్నాను.

నీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది. దాన్ని నేను మళ్లీ రాయాలంటే చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను, నీ కంటితో నువ్వు చూడాలి. "ఆమెకు ఎట్ల వచ్చిందో ఆమెనే అడుగు, నేను ఇంట్ల లేని మనిషిని." గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. నువ్వు ఎరగక కాదు, ఎరిగే రాశావు. నీతో పాటు అదే బోరు బండి మీద పనిచేసిన నర్సింహ, యాదమ్మ కొడుకు, ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు వాడు వాళ్ల అరుగు మీద కూర్చుంటే గోడకు ఆనించిన చొప్ప కట్టలా ఉన్నాడు. వాడికి నీ ఉత్తరం చదివి వినిపించాను. వాడు చాలాసేపు దగ్గి, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"అమ్మా, వాని అక్కి తగ్గినంక షోలాపూర్ల ఇద్దరం కలిసే రక్తం ఇచ్చినం. ఇద్దరికీ ఒక్కతీరే చెప్పిండ్రు. పెండ్లి చేసుకోవద్దని కూడ చెప్పిండ్రు. ఇంటికొస్తే మా అమ్మ సంబంధం చూసింది, నేను వద్దన్న. నువ్వు చూసినవు, వాడు సరే అన్నడు. గంతే తేడా."

గంతే తేడా. యాదమ్మ లోపలి నుంచి ఈ మాట విన్నది. ఆమె కొడుకు చచ్చిపోతున్నాడు, నా కొడుకు ఇంకా బండెక్కి తిరుగుతున్నాడు. అయినా ఆ పూట మా ఇద్దరిలో తల ఎత్తుకోగలిగింది యాదమ్మ. నేను కాదు.

జబ్బు వచ్చినందుకు నాకు కోపం లేదు, ఇది బాగా గుర్తుపెట్టుకో. నెలల తరబడి ఇల్లు లేదు, వాకిలి లేదు, బండి కిందనే నిద్ర. ఎక్కడ జారావో నేను అడగను. మనిషన్నాక జబ్బు వస్తుంది. వచ్చి చెప్పి ఉంటే నిన్ను కూడా ఒళ్లో పెట్టుకునేదాన్ని. తెలిసి తెలిసి నిఖాలో కూర్చుని మూడుసార్లు "కబూల్" అన్నావు చూడు, దానికి నాకు కోపం. పందొమ్మిదేళ్ల పిల్ల, తల్లి లేని పిల్ల, పెళ్లైన మొదటి పండగకు నీకు చొక్కా కుట్టించాలని నాతో పాటు దూది ఏకిన పిల్ల. దాని మీదకే మళ్లీ నింద తోశావు. ఇప్పుడు ఇంకొకదాన్ని తెస్తానంటున్నావు. తా దూర సందు లేదు, మెడకో డోలు.

ఇక పాల సంగతి. తల్లి పాలల్లో కూడా జబ్బు పోవచ్చు, డబ్బా పాలు పట్టమని డాక్టరమ్మ చెప్పింది. నీళ్లు బాగా మరగబెట్టి కలపమంది. ఆమె ఈ దిక్కు మనిషి కాదు పాపం. మర్రిగూడ నీళ్లు మరగబెడితే పురుగు చస్తుంది గానీ అందులోని ఫ్లోరైడు విషం పోతుందా? ఆ నీళ్లు తాగే కదా యాదమ్మ వంగింది, ఆ నీళ్లు తాగే కదా మన వాడలో పిల్లల పళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వంకరపోయాయి. ఊరూరా నేల పొడిచి నీళ్లు తీసే పని నీది. నీ బిడ్డకు మాత్రం ఒక గిన్నెడు మంచి నీళ్లు నీ ఊళ్లో లేవు. తల్లి రొమ్ములో నువ్వు పెట్టిన భయం, బోరులో నేల పెట్టిన విషం. ఆ మధ్యలో బిడ్డ నోరు తెరుచుకుని ఏడుస్తోంది. ఆ పూట నాకు దేవుడి మీద కూడా కోపం వచ్చింది, తర్వాత తప్పు మన్నించమని తోబా చేసుకున్నాను.

వాన పట్టాను. అవును, వాననే. మొదటి వానకు కప్పు కడిగిపోనిచ్చి, రెండో వాన నుంచి ఇంట్లో ఉన్న బిందెలు, గంగాళాలు, మీ నాయిన స్నానం చేసే ఇత్తడి బకెట్టు, అన్నీ వాకిట్లో పెట్టాను. పైన తెల్ల గుడ్డ కట్టాను. యాదమ్మ తన వాకిట్లో పట్టిన నీళ్లు కూడా తెచ్చి పోసింది. ఆ నీళ్లు కాచి బిడ్డకు పాలు కలుపుతున్నాం. మబ్బు పట్టిన రోజు మా ఇంట్లో పండగ. ఎండ కాస్తే హలీమా ఆకాశాన్ని తిడుతుంది. ఎండాకాలం వస్తే ఏం చేయాలో ఇంకా తెలియదు. అప్పటికి బిడ్డ జొన్న గట్క తినే వయసుకు వస్తుంది అనుకుంటున్నాం.

పాలు వద్దంటే ఊరుకుంటాయా? హలీమాకు రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. బిడ్డ ఏడ్చినప్పుడల్లా రవిక తడిసేది. ఆ పిల్ల చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకునేది. పాలు ఆరడానికి మల్లెపూలు కట్టాలని యాదమ్మ చెప్పింది. పూలకాలం అయిపోవచ్చింది, మాల్ ఊరి సంత దాకా పోయి వెతికి తెచ్చాను. వాటిని దంచలేదు, మాల కట్టలేదు. గుడ్డలో పోసి రొమ్ములకు కట్టాను. పెళ్లైన నాటి నుంచి దాని తలలో ఒక మూర పూలు పెట్టినవాడివి కాదు. నీ పేరు మీద అది కట్టుకున్న పూలు అవే.

ఊళ్లో ఎవరెవరికి తెలుసు అని అడిగావు. యాదమ్మకు, నర్సింహకు, ఇమాం సాబ్‌కు. మేనమామ నోరు ఎంత దూరం పోయిందో నాకు తెలియదు. పరుపులు కుట్టించుకునేవాళ్లు కొందరు రావడం మానేశారు, కొందరు వస్తున్నారు. నువ్వు దాచమంటున్నది జబ్బును కాదు, నీ పేరును. దాన్ని దాచి నేనేం చేసుకోను?

ఇప్పుడు పరుపు. నీ కొత్త పెళ్లికని కుట్టిన ఆ బూరుగు దూది పరుపు మీద హలీమా పడుకుంటోంది. బొంత కాలిపోయింది కదా, కటిక నేల మీద కుట్ల నొప్పితో పడుకోబెట్టమంటావా? ఎర్ర చారలు బాగున్నాయంది. పక్కన బిడ్డ. ఇద్దరికీ సరిపోయింది. ఇద్దరు పడుకునేంత వెడల్పు అని నువ్వే కదా రాశావు.

కొల్లాపూర్ ముచ్చట. ఇంతసేపూ దాచిపెట్టింది ఇదే.

పావు కిలో చక్కెర కొని, పొట్లం కొంగుకు ముడి వేసుకుని, బిడ్డను యాదమ్మకు అప్పజెప్పి బయలుదేరాను. దేవరకొండలో బస్సు మారి, కల్వకుర్తిలో మారి, నాగర్‌కర్నూల్‌లో మారి, పొద్దు వాలే వేళకు చేరాను. అబ్దుల్ ఖాదర్ మంచి మర్యాద చేశాడు. కుర్చీ వేశాడు, పంకా తిప్పాడు, చాయ్ ఇచ్చాడు. బోరు ఏజెంటు కదా, నీ గురించి గొప్పగా చెప్పాడు. పనివంతుడవట, ఒక్క చెడు అలవాటు లేదట. మొదటి పెళ్లాం తిరుగుబోతని, వదిలేశావని నువ్వు చెప్పావట. వాడకట్టు ఆడవాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు. పిల్లను తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టారు. అజీజా. గులాబీ రంగు ఓణీ. గోరింటాకు ఇంకా ఎర్రగా పండలేదు, పొద్దుననే పెట్టినట్టున్నారు. నా కోసం పెట్టుకుంది ఆ గోరింటాకు. నోరు కొంచెం తెరిచి, కళ్లు మూసుకుని, చక్కెర కోసం ఎదురుచూస్తోంది. హలీమా కూడా అమ్రాబాద్‌లో అట్లాగే కళ్లు మూసుకుంది.

నేను పొట్లం విప్పలేదు. "బయటోళ్లను జర పంపున్రి" అన్నాను. వాళ్లు పోయాక చెప్పాను. దాపరికం లేకుండా, జబ్బు పేరు పెట్టి చెప్పాను. నీకు ఉందని చెప్పాను. నీకు ముందే తెలుసని చెప్పాను. తిరుగుబోతు నా కోడలు కాదు, నా కొడుకు అని చెప్పాను.

అబ్దుల్ ఖాదర్ ముందు నవ్వాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"ఏ తల్లన్న కన్నకొడుకు మీద గిట్ల చెప్తదా? గా పిల్ల నీకు మందు పెట్టిందమ్మా. తిండిల పెట్టిందో, తమలపాకుల పెట్టిందో. ముందు నువ్వు తీయించుకో."

నాకు తిక్క రేగింది. నేను కూడా లేచాను.

"భాయ్, పక్కోని చేన్ల బోరు వేసేటందుకే అరచేతిల కొబ్బరికాయ పెట్టుకుని నాలుగు దిక్కులు తిరుగుతవు. నీళ్లున్నయా లేవా అని పదిసార్లు చూస్తవు. నీ బిడ్డను ఇచ్చేటప్పుడు అల్లుని రక్తం ఒక్కసారి చూపియ్యవా? తీసుకపో. నీకు నచ్చిన దవాఖానకు తీసుకపో. వాడు మంచిగున్నడని రానీ, మళ్లీ మూడు బస్సులు మారి నేనే వస్త. నా చేతితోనే చక్కెర పెడత. నా మాట అబద్ధమని నీ కాళ్లు పట్టుకుంట."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. మనిషి కూర్చున్న తీరు మారింది. కొబ్బరికాయ మాట తగిలినట్టుంది. ఆయన భార్య వచ్చి అజీజాను పట్టుకుని లోపలికి లాగబోయింది. ఆ పిల్ల కదలలేదు. తల ఎత్తి నన్ను చూసింది.

"పెద్దమ్మా, ఆమె ఎట్లున్నది? నీ కోడలు?"

కొడుకువి, నువ్వు నాలుగు పేజీల్లో అడగనిది, ముక్కూముఖం తెలియని ఆ పిల్ల ఒక్క మాటలో అడిగింది. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాను. ఆ రాత్రికి వాళ్లింట్లోనే అన్నం పెట్టారు. పొద్దున అబ్దుల్ ఖాదర్ తనే బస్టాండు దాకా వచ్చి సీటు ఆపి కూర్చోబెట్టాడు.

కాబట్టి ఆ సంబంధం లేదు. పోగొట్టింది అమ్రాబాద్ మేనమామ కాదు, యాదమ్మ కాదు, నర్సింహ కాదు. నీ తల్లి. ఇంకో ఊళ్లో ఇంకో సంబంధం చూసుకుంటావేమో, చూసుకో. ఆ ఊరికి కూడా బస్సు ఉంటుంది.

మొన్న శుక్రవారం హలీమాకు చిల్లా నీళ్లు పోశాను. వేపాకు వేసి కాచిన నీళ్లు, బోరు నీళ్లే, ఒంటికైతే ఏం కాదు. తల తుడిచి, సాంబ్రాణి వేసి, కొత్త పరుపు మీద కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. షోలాపూర్ రక్తం సంగతి, నీ ఉత్తరం సంగతి, కొల్లాపూర్ సంగతి. అది ఏడుస్తుందనుకున్నాను. బిడ్డ మీది గుడ్డ సరిచేసి అంది.

"పెండ్లికి ముందు నన్ను ఎవ్వరేం అడగలే అత్తమ్మా. నాకు ఎవ్వరేం చెప్పలే. తప్పు మీ కొడుకు ఒక్కనిదే అనుకోకున్రి."

నిజమే. నేను కొంగు ముడి విప్పి ఆ చక్కెర పొట్లం తీశాను. కొల్లాపూర్ పోయి, ఎవరి నోట్లోనూ పడకుండా తిరిగి వచ్చిన చక్కెర. హలీమాతో అన్నాను:

"నీ నోట్ల చక్కెర పెట్టిన నాడు నాకేం తెల్వదు, నీకేం తెల్వదు. ఇయ్యాల ఇద్దరికీ అంతా తెలుసు. ఖాసిం పెండ్లామని పెడత లేను. నాకు బిడ్డవని పెడుతున్న. ఇష్టముంటేనే నోరు తెరువు."

హలీమా పొట్లంలోకి తొంగి చూసింది. "జర దులుపున్రి, చీమలు పట్టినయ్" అంది. కాన్పైన నాటి నుంచి అది నవ్వింది ఆ పూటనే. దులిపాను. కళ్లు మూసుకోకుండా, నన్ను చూస్తూ నోరు తెరిచింది.

నీకు ఇంకేం రాయాలి? జబ్బు ముదిరితే ఏ బండి కిందనో పడి ఉండకు, ఇంటికి రా. నీ పాత పరుపు విప్పి, దూది మళ్లీ ఏకి, ముందరి అర్రలో వేసి ఉంచాను. గంజి కాచి పోస్తాను, ఒళ్లు తుడుస్తాను, నిన్ను కన్నందుకు ఆ పని నాది. లోపలి అర్ర తలుపు మాత్రం నేను తీయను. అది హలీమాది, తీస్తే అదే తీయాలి. వచ్చి ముందు దానికి జవాబు చెప్పు, వరండాలో అది అడిగిన దానికి. అదేం చేసిందని బయటేశారో చెప్పు. అప్పటిదాకా క్షేమం అన్న మాట నాకు రాయకు.

ఇట్లు,
హలీమా తల్లి,
ఖాదర్‌బీ.